ఎత్తుకుని తూచిన బరువు

రేణిగుంట,
09-03-2025, ఆదివారం

అక్కా,

నేను క్షేమం. నువ్వూ క్షేమమేనని నిన్న ఫోనులో నీ గొంతు వినగానే తెలిసింది. అంత గట్టిగా అరిచే మనిషికి ఏ జబ్బూ ఉండదు.

ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, ఫోనైతే నువ్వు సగంలో పెట్టేస్తావు. నీకు కావాల్సింది నువ్వు చెప్పేసి, నేను నోరు తెరిచే సమయానికి టక్కున కట్ చేస్తావు. కాగితాన్ని కట్ చేయలేవు కదా.

"నీ కుక్కకు కొవ్వు పట్టిందిరా, తిండి సగం చేసినా" అన్నావు. సగం! ఎవరో డాక్టరు చేత్తో తడిమి చూసి లావు అన్నాడట. తడిమితే తెలిసిపోవడానికి అదేమన్నా మామిడికాయా? నాలుగేళ్లు పెంచినవాణ్ణి నేను. లావో సన్నమో నాకు తెలియదా?

నువ్వు మర్చిపోయావేమో గానీ నేను మర్చిపోలేదు. పాకాల రైల్వే గేటు పక్క కాలువలో కరుప్పు దొరికిన రోజు వాడి పక్కటెముకలు ఒక్కొక్కటిగా కనిపించేవి. నేను లెక్కపెట్టాను కూడా. ఈ ఎముకలు మళ్లీ బయటికి కనపడనివ్వనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. నేను ఒక పూట మానుకున్న రోజులున్నాయి గానీ వాడికి పూట తప్పిన రోజు లేదు. ఈ గోడౌను ఉద్యోగానికి రాకపోతే, గదిలో నలుగురం పడుకోకపోతే, కుక్కలంటే ఓనరు కర్ర ఎత్తకపోతే నీ దగ్గర వదిలేవాడినా? డిసెంబరులో వదిలాను. మార్చికే కడుపు మాడ్చడం మొదలుపెట్టావు.

వాడి తిండి ఇది. గోడకు అంటించుకో. పొద్దున పాలల్లో నాలుగు బిస్కెట్లు. మధ్యాహ్నం పెరుగన్నం, కడుపునిండా. సాయంత్రం చికెన్ కొట్టు వాడిచ్చే తోలు ఉడికించి. రాత్రికి సంగటి. మధ్యలో అడిగితే బొరుగులు. ఇందులో ఒక్కటి తగ్గినా నేను ఊరుకోను.

బావను అడిగానని చెప్పు.

కోపంగా ఉన్నా నీ తమ్ముడే,
మునికుమార్


పాకాల,
15-03-2025

రేయ్ మునీ,

నీ ఉత్తరం అందింది. మీ బావ చదివి వినిపిస్తానన్నాడు, వద్దని నేనే కూడబలుక్కుని చదువుకున్నా. ఏడో తరగతి దాకా చదివినదాన్ని. నీ మాదిరి పుస్తకాల తెలుగు నాకు రాదు, నోటికి ఎట్లొస్తే అట్ల రాస్తా. కాగితాన్ని కట్ చేయలేనని రాస్తివే, పొయ్యిలో పెట్టొచ్చురా. తెలుసుకో.

ఇప్పుడు నేను చెప్పేది విను. శివరాత్రి మర్నాడు కరుప్పు మన ఇంటి మూడు మెట్లు ఎక్కలేక రెండో మెట్టు మీద కూలబడినాడు. వెనక కాళ్లు ఈడ్చినాడు. నాలుక బయటేసి రొప్పుతా నా మొగం చూసినాడు. మీ బావా నేనూ దుప్పట్లో వేసుకుని, బస్టాండు వెనక గిరిప్రసాద్ అని పశువుల డాక్టరు ఉండాడు, ఆయన కాడికి మోసుకుపోయినాం. "ఏం పెడతారమ్మా?" అని అడిగినాడు. నువ్వు చెప్పిన వరసంతా అప్పజెప్పినా. ఆయన పెన్నుకు మూత పెట్టేసి, "ఇది కుక్క తిండి కాదమ్మా, కొత్తల్లుడి తిండి" అన్నాడు. నాకు తల తీసేసినట్లయింది. తిండి నీది, సిగ్గు నాది.

మామిడికాయను తడిమినట్లు తడిమినాడని ఎగతాళి చేస్తివి కదా. ఎట్ల తడిమినాడో విను. ముందు పైనుంచి చూడమన్నాడు. పక్కటెముకల వెనక నడుం సన్నబడాలంట. మనోడికి నడుమే లేదు, తలదిండు మాదిరి ఒకటే వెడల్పు. పక్క నుంచి చూస్తే పొట్ట వెనక్కి పోయేకొద్దీ పైకి లేవాలంట. మనోడిది కిందికి యాలాడతాంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని చూపించినాడు. పిడికిలి బిగించి కణుపుల మీద తడుముకో, కుక్క పక్కటెముకలు అట్ల తగిలితే మరీ బక్క. అరచేతిలో బొటనవేలి కింద మెత్తని కండ తడుముకో, అట్ల తగిలితే లావు. చెయ్యి చాపి బోర్లించి వేళ్ల వెనక తడుముకో, అట్ల తగిలితే సరిగ్గా ఉన్నట్లు. మన కరుప్పుకు నేను వేళ్లతో నొక్కి నొక్కి వెతికినా ఎముక దొరకలేదురా. ఆ బరువుకే కీళ్లు పోతాండాయంట. ఇట్లే ఉంటే ఏడాదిలో లేవడు అన్నాడు.

ఆయన కాడ కుక్కలను తూచే కాటా లేదు. మీ బావ పనిచేసే బెల్లం మండీకి తోలుకుపోయినా. పళ్లెం కొంచెం అదిరితే చాలు దూకేస్తాడు. అందుకని ఎత్తుకుని నిలబడినా. ఇద్దరం డెబ్బై ఎనిమిది. తర్వాత నేనొక్కదాన్నే ఎక్కినా, యాభై నాలుగు. నన్ను తీసేస్తే వాడు ఇరవై నాలుగు. పద్దెనిమిది పంతొమ్మిదికి రావాలన్నాడు డాక్టరు. ఇంక ఎత్తుకుని ఎక్కడమే, యాభై నాలుగు తీసేయడమే. ప్రతిసారీ నన్ను నేను తూచుకునేదానికి నేనేమన్నా ఎదిగే పిల్లనా?

ఇంకొకటి. వాడు మెట్టు మీద పడిన పూటే మన గంగమ్మకు మొక్కుకున్నా. వాడు మళ్లా తనంతట తాను మూడు మెట్లు ఎక్కితే, జాతరకు వాడి బరువుకు బరువు బెల్లం ఇస్తానని. కుక్కకు మొక్కేందని మీ బావ నవ్వినాడు. నవ్వితే నవ్వనీ.

ఎండలు అప్పుడే ముదిరినాయి. నేను చెంబులు చెంబులు నీళ్లు తాగతాండా, అయినా నోరు పిడచ కట్టుకుపోతాంది. నువ్వు ఆ రేకుల గోడౌనులో నీళ్లు తాగతాండావో లేదో.

తిండి పెట్టి చంపే ప్రేమ నీది. అది నా ఇంట్లో కుదరదు.

అక్క,
గంగులమ్మ


రేణిగుంట,
03-04-2025

అక్కా,

అక్కా అని రాయడానికి ఈ రోజు చెయ్యి రావడం లేదు. పేరు పెట్టి పిలిచే అలవాటు నాకు నువ్వు చేయలేదు కాబట్టి అలాగే రాస్తున్నాను.

మీ ఎదురింటి రూపశ్రీ, తిరుపతి బట్టల కొట్టులో పనిచేసే పిల్ల, నా ఫోనుకు కరుప్పు ఫోటో పంపింది. నేనే అడిగాను. నీ దగ్గర ఉన్నది బటన్ల ఫోను కాబట్టి నన్ను ఎలాగైనా ఏమార్చవచ్చు అనుకున్నావు.

అది నా కుక్కేనా? నల్లటి జూలుతో ఎలుగుబంటిలా ఉండేవాడు. ఫోటోలో ఒక బక్క మేకపిల్ల ఉంది. వీపు మీద వెన్నెముక తెలుస్తోంది. నడుము లోపలికి పోయింది. కాళ్లు పుల్లల్లా ఉన్నాయి. నెలలోనే ఇంత! గోడౌనులో నా పక్కన లోడు ఎత్తే వాళ్లకు చూపించాను. "ఎవరో తిండి పెట్టడం లేదప్పా" అన్నారు. నేను ఫోను జేబులో పెట్టుకుని అటు తిరిగాను. మా అక్కే పెట్టడం లేదని ఎలా చెప్పను?

పైనుంచి చూడు, పక్కనుంచి చూడు అని నాకు పాఠం చెప్పావు. ఇదిగో పైనుంచే చూశాను. నడుము వచ్చింది, సంతోషమా? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్నట్టుంది నీ వ్యవహారం. వీధిలో ఉండి ఉంటే పెళ్లి ఇళ్ల దగ్గర ఆకులు నాకి అయినా బతికేవాడు.

వాడికి తిండి పెట్టేదాకా నీ గడప తొక్కను. ఇది నా ఒట్టు.

మునికుమార్


పాకాల,
08-04-2025

రేయ్ తింగరోడా,

ముందు ఆ ఫోటోను పక్కన పెట్టి బుద్ధిని దగ్గరికి తీసుకో. కరుప్పుకు జూలు కత్తిరించినారురా! ఉగాదికి రెండు రోజుల ముందు. ఒళ్లంతా రక్తం తాగే గోమార్లు పట్టి, గోక్కుని గోక్కుని చెవి కింద పుండు చేసుకున్నాడు. డాక్టరే మిషను పెట్టి గొరిగించినాడు. ఎలుగుబంటి అంటివే, అందులో సగం బొచ్చేరా. గొర్రెకు ఉన్ని తీస్తే గొర్రె చిక్కిపోయిందని ఏడ్చేవాణ్ణి నిన్నే చూస్తాండా.

రూపశ్రీని పిలిచి గట్టిగా అడిగినా. ఆ పిల్ల, "అన్న అడిగితే పంపినా పెద్దమ్మా" అనింది. దాన్ని ఎందుకు ఈ తగువులోకి లాగినావు? నాకు తెలీకుండా నా ఇంటి మీద గూఢచారిని పెడతావా?

గోడౌనులో వాళ్లకు చూపించినాడంట! వాళ్లు ఏమన్నా పశువుల డాక్టర్లా? ఎద్దు పుండు కాకికి నొప్పా? వాళ్లేదో ఒక మాట అంటారు, నువ్వు సిగ్గుతో అటు తిరుగుతావు. మా అక్క అట్లాంటిది కాదప్పా అని ఒక్క మాట అనేదానికి నీకు నోరు రాలేదు. అది రాసుకో.

పోయిన ఆదివారం తూచినా. ఇద్దరం డెబ్బై నాలుగు. నన్ను తీసేస్తే ఇరవై. డాక్టరు మాత్రం చేత్తో తడిమి, "ఇంకా కొవ్వుండాదమ్మా, ఇట్లనే పెట్టు" అన్నాడు. వాడు ఇప్పుడు రెండు మెట్లు ఎక్కతాండాడు. మూడోదాని కాడ నిలబడి నా వైపు చూస్తాడు. ఎక్కిస్తానేమోనని. నేను ఎక్కించను, నువ్వే ఎక్కు అంటా.

వాడికి ఏం పెడతాండానో కూడా విను. పొద్దునా సాయంత్రం రెండు పూటలే, కొలిచి. కొంచెం అన్నం, ఉడకబెట్టిన గుమ్మడికాయ, ఒక గుడ్డు, బొక్కలు లేని చికెన్ కొంచెం. బిస్కెట్లు బందు. వాడు మొదట్లో గిన్నె తోసేసి నా మీద అలిగినాడు. నీ కుక్క కదా, నీ బుద్ధే.

నా చేతికి గాజులు నిలవడం లేదు, నిన్న అంట్లు తోమతా ఉంటే రెండు జారి తొట్టిలో పడినాయి. పక్కింటి సిద్ధమ్మ రవికెలు కూడా వదులుగా కుడతాంది ఈ మధ్య. దానికి చూపు ఆనడం లేదేమో పాపం.

గడప తొక్కనంటివి కదా. తొక్కొద్దు. వాకిట్లోనే నిలబడి క్షమాపణ చెప్పుకుని పో.

గంగులమ్మ


రేణిగుంట,
22-04-2025

అక్కా,

జూలు సంగతి ఒప్పుకుంటున్నాను. ఫోటో విషయంలో తొందరపడ్డాను. కానీ అంకెకు జూలు ఉండదు కదా. ఇరవై నాలుగు ఇరవై అయింది. నెలకే నాలుగు కిలోలు! ఆరో వంతు మనిషి మాయమైతే ఎవరైనా ఊరుకుంటారా? డాక్టరు చేత్తో తడిమితే ఇంకా కొవ్వు ఉందట. కాటా చెప్పేది నమ్మాలా, ఆయన చెయ్యి చెప్పేది నమ్మాలా?

పది రోజులుగా ఒక ఆలోచన నన్ను తినేస్తోంది. రాయకూడదనే అనుకున్నాను. గోడౌనులో మూటలు దించుతున్నా అదే, అన్నం ముందు కూర్చున్నా అదే. రాసేస్తున్నాను.

నీ చేత్తో నువ్వే రాశావు. కరుప్పు మెట్లెక్కితే జాతరకు వాడి బరువుకు బరువు బెల్లం ఇస్తానని. జాతర మే నెలలో. మొక్కుకున్న రోజు వాడు ఇరవై నాలుగు. ఇప్పుడు ఇరవై. జాతరకు ఇంకెంత? వాడు ఎంత చిక్కితే నీ మొక్కు అంత చిక్కుతుంది. అందుకేనా అక్కా ఈ గుమ్మడికాయ ముక్కలు? గంగమ్మను కూడా కాటా మీద మోసం చేద్దామనుకున్నావా?

కాదని రాయి. నమ్ముతానో లేదో తెలియదు. కానీ రాయి.

ముని


పాకాల,
28-04-2025

శ్రీ మునికుమార్ గారికి,

మీ ఉత్తరం అందినది. మీరు పెద్దవారు, గోడౌనులో పది మంది చేత పని చేయించే వారు. మీరు రాసింది మేము చదువుకున్నాము.

థూ. నా చేత కాదు ఇట్ల రాసేది. రేయ్, ఎంత మాట అంటివిరా! నేనా? తిండి కాడ నేనా?

మన అమ్మ పోయినప్పుడు నీకు మూడేళ్లు. నాకు పద్నాలుగు. నాయన ఇదే మండీలో మూటలు మోసేవాడు. నీ ఎముకలు ఎట్ల కనపడేవో నీకు తెలీదు, నాకు తెలుసు. కరుప్పు ఎముకలు లెక్కపెట్టినానని గొప్పగా రాస్తివే, నీ ఎముకలు లెక్కపెట్టిన చెయ్యిరా ఇది. సంగటి ముద్ద రెండు చేసి పెద్దది నీకు పెట్టి, నేను తినేసినా అని చెప్పి నీళ్లు తాగి పడుకున్నా. ప్రతి శనివారం నిన్ను సంకనేసుకుని ఈ కాటా మీదే నిలబడేదాన్ని. నన్ను తీసేసి నీ బరువు నాయనకు చెప్పేదాన్ని. పావు కిలో పెరిగితే నాయన ఇంటికి వచ్చేటప్పుడు బెల్లం ముక్క తెచ్చేవాడు. ఆ ముక్క కూడా నీ నోట్లోనే పెట్టినా. ఆ చేత్తో నేను ఒక మూగజీవి కడుపు మాడ్చి గంగమ్మను మోసం చేస్తానా?

నీ ఉత్తరం మీ బావకు చూపించినా. చదివి మడిచి నా చేతిలో పెట్టి, పైకండువా దులుపుకుని బయటికి పోయినాడు. ఆయన ఎవరినీ ఒక మాట అనడని నీకు అలుసు.

విను. మొక్కుకున్న రోజు ఇరవై నాలుగు. మొక్కు ఇరవై నాలుగే. జాతర రోజు వాడు ఇరవై తూగినా, పది తూగినా, ఇరవై నాలుగు కిలోలు లెక్కగా గంగమ్మ ముందర పెడతా. ఆ తల్లి నీ మాదిరి అనుమానం పిశాచి కాదు, ముందే తెలుసు ఆమెకు.

నిన్న తూచినా. డెబ్బై. నన్ను తీసేస్తే పదహారు. ఆ, పదహారు! దాచిపెట్టి నీకు అబద్ధం రాసే అవసరం నాకు లేదు. డాక్టరేమో తడిమి, ఇంకొంచెం తగ్గాల అంటాడు. కాటా ఏందో, ఆయన చెయ్యి ఏందో, నాకైతే తల తిరగతాంది. నిజంగానే తిరగతాంది, మొన్న పొయ్యి కాడ కూర్చునే కునుకు పట్టింది. నీతో వాదించి వాదించి వచ్చిన నీరసం ఇది.

వాడు మూడు మెట్లు ఎక్కినాడు. చెప్పకూడదనుకున్నా. శుక్రవారం పొద్దున ఎవరూ పిలవకుండానే ఎక్కి గడప ముందర కూర్చున్నాడు. నేను చూసి ఏడ్చినా. ఈ మాట రాసేదానికి నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు, ఆ నువ్వేమో ఇట్లా రాస్తివి.

ఇంక నాకు ఉత్తరం రాయొద్దు. ఫోను చేసినా ఎత్తను.

గంగులమ్మ


పాకాల,
14-05-2025

దొంగోడా,

రాయొద్దన్నదాన్ని నేనే రాస్తాండా. ఏం చేసేది?

నిన్న మంగళవారం జాతర. తెల్లారే తలకు పోసుకుని, బుట్టలో ఇరవై నాలుగు కిలోల బెల్లం పెట్టించి, మీ బావ సైకిలు మీద మోసుకొస్తే, గంగమ్మ ముందర మొక్కు తీర్చినా. వచ్చినవాళ్లకంతా నా చేత్తోనే పంచినా. కరుప్పు పేరు చెప్పి పంచినా. నవ్వినవాళ్లు నవ్వినారు, తిన్నవాళ్లు తిన్నారు. ఇంటికొచ్చి చూస్తే పంచలో తాడు ఉండాది, కుక్క లేదు.

సిద్ధమ్మ చూసిందంట. "మీ తమ్ముడు ఆటోలో వచ్చి గడప దాకా రాకుండా తాడు విప్పి ఎత్తుకుపోయినాడు" అని చెప్పింది. నేను నీ మాట అబద్ధమని గంగమ్మ ముందర మొక్కు తీర్చి చూపిస్తా ఉంటే, నువ్వు నా వాకిట్లో దొంగతనం చేస్తాంటివి. బాగుండాదిరా. చాలా బాగుండాది.

ఆదివారం తూచినప్పుడు అరవై ఏడు. నన్ను తీసేస్తే పదమూడు. అది నీకు రాయాలంటే భయమేసి రాయలేదు. డాక్టరు మాత్రం, "ఇప్పుడు సరిగ్గా ఉండాడమ్మా, ఇంక ఇదే తిండి ఇట్లనే పెట్టు" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఏమన్నా జబ్బేమో వానికి, లోపల తినేస్తాందేమో. మంచి డాక్టరుకు చూపించు. బిస్కెట్లు మాత్రం పెట్టొద్దు. రెండు పూటలే. గుడ్డు పచ్చసొనతోనే పెట్టు. నీళ్లు ఎప్పుడూ ఉండాల.

నాకు నువ్వు లేవు, నీకు నేను లేను. వాడు మాత్రం బతకాల.

గంగులమ్మ


రేణిగుంట,
17-05-2025, శనివారం

అక్కా,

చించే ముందు చివరిదాకా చదువు. పదకొండుసార్లు ఫోను చేశాను, ఎత్తలేదు. పోస్టులో వేస్తే సోమవారానికి గానీ అందదని, తిరుపతి స్టేషనుకు పోయి పాకాల రైలెక్కే రూపశ్రీ చేతికి ఇస్తున్నాను. ఆ పిల్లను తిట్టొద్దు.

కరుప్పు వడమాలపేటలో, నా స్నేహితుడు చిన్నబ్బ మామిడితోటలో ఉన్నాడు. క్షేమం. దొంగతనం చేసింది నేనే. గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి పంచలో నుంచే తీసుకుపోయాను. అంత పౌరుషం నాది.

నేరుగా తిరుపతిలో పెద్ద పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. మా అక్క చేసిన పని పది మంది డాక్టర్లకు చూపించి, కాగితం మీద రాయించి, అది నీకు పంపాలని. నిజంగా అదే నా ఉద్దేశం. అక్కడ కాటా నేలకు సమానంగా రేకులా పరిచి ఉంటుంది. డాక్టరమ్మ చేయి చూపించి "నిలబడు" అంటే కరుప్పు దాని మీద ఒక్కడే నిలబడ్డాడు. పంతొమ్మిది కిలోలు.

మిషను చెడిపోయింది మేడమ్ అన్నాను. ఆమె నన్ను ఎక్కమంది. డెబ్బై ఒకటి. పోయిన వారం గోడౌనులో తూచుకున్నప్పుడూ అంతే. మళ్లీ కరుప్పును ఎక్కించింది. పంతొమ్మిది. మా అక్క పదహారు అని రాసింది అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని వాడి పక్కటెముకల మీద పెట్టింది. చెయ్యి బోర్లించి వేళ్ల వెనక తడుముకోమంది. నువ్వు మార్చిలో రాసిన మాటే, అక్షరం పొల్లుపోకుండా. రెండూ ఒకేలా తగిలాయి. "ఈ వయసు కుక్కను ఇంత చక్కగా తగ్గించడం కష్టం. ఎవరు చూసుకున్నారు?" అని అడిగింది. మా అక్క అన్నాను. నిజం చెప్పాలంటే సంతోషం కూడా రాలేదు. నువ్వే గెలిచావని ఒళ్లు మండింది.

ఆ మంటతోనే మూడు రోజులు తిరిగాను. ఆ పదహారు ఎక్కడిది అని. నీ ఉత్తరం అందాక, నీ అబద్ధం ఎక్కడుందో పట్టుకుందామని నీ ఉత్తరాలన్నీ మంచం మీద పరుచుకుని కూర్చున్నాను. అబద్ధం దొరకలేదు. అంకెలు దొరికాయి. డెబ్బై ఎనిమిది, డెబ్బై నాలుగు, డెబ్బై, అరవై ఏడు. ప్రతిదాని పక్కనా ఒకే మాట. నన్ను తీసేస్తే, నన్ను తీసేస్తే.

మొదటి రోజు తప్ప మళ్లీ నిన్ను నువ్వు తూచుకోలేదు. ప్రతిసారీ ఆ పాత యాభై నాలుగే తీసేస్తూ వచ్చావు. మొన్న ఆదివారం కాటా మీద అరవై ఏడు కిలోలు ఉన్నాయి. అందులో కరుప్పు పంతొమ్మిది. మిగిలింది నలభై ఎనిమిది. అది నువ్వు అక్కా. చిక్కిపోయింది వాడొక్కడే కాదు, నువ్వూ. ఆరు కిలోలు. రెండున్నర నెలల్లో. కాటాదీ తప్పు కాదు, గిరిప్రసాద్ డాక్టరు చేతిదీ తప్పు కాదు.

మళ్లీ మొదటి నుంచి చదివాను. చెంబులు చెంబులు నీళ్లు తాగినా నోరు పిడచ కట్టుకుపోతోందని రాశావు. గాజులు నిలవడం లేదని రాశావు. రవికె వదులైతే సిద్ధమ్మ చూపును తప్పుపట్టావు. పొయ్యి దగ్గర కునుకు పట్టిందని రాసి దానికి నన్ను కారణం చేశావు. అన్నీ రాశావు. నేను కరుప్పు పేరున్న వాక్యాలు మాత్రమే చదివాను. ఫోటో తెప్పించుకున్నది కుక్కదే, నీది కాదు. అంత గట్టిగా అరిచే మనిషికి ఏ జబ్బూ ఉండదని కూడా రాశాను.

కోపంగా ఉంది అక్కా. బావ మీద ఉంది. రోజుకు వంద బుట్టల బెల్లం తూచే మనిషి, గ్రాము తేడా వస్తే పట్టుకునే మనిషి, ఇంట్లో మనిషి ఆరు కిలోలు కరిగిపోతే చూడలేదు. రోజూ చూసే కంటికి తెలియదని అంటారు. అయినా క్షమించను. నీ మీద ఇంకా ఎక్కువ ఉంది. నన్ను సంకనేసుకుని తూచిన రోజు నుంచి నువ్వు చేస్తున్న లెక్క ఇదొక్కటే. ఎత్తుకున్న వాడి బరువు కావాలి, ఎత్తుకున్న మనిషిని తీసేయాలి. అందరికంటే నా మీద ఎక్కువ ఉంది, అది నేనే పడతాను.

బెల్లం మాట రాసిన ఉత్తరం ఉంటే పొయ్యిలో పెట్టు. నువ్వు చెప్పినట్టు కాగితానికి అదొక్కటి కుదురుతుంది.

రేపు పొద్దున మొదటి రైలుకే కరుప్పుతో వస్తున్నాను. వడమాలపేటకు పోయి వాణ్ణి తెచ్చుకోవాలి, లేకపోతే ఈ రోజే వచ్చేవాణ్ణి. గడప తొక్కుతాను, ఒట్టు గట్టున పెట్టాను. నేను రాగానే మండీకి పోతాం. కాటా మీద నువ్వొక్కదానివే నిలబడాలి, చేతుల్లో ఎవరూ ఉండకూడదు. సోమవారం పొద్దున ఏమీ తినకుండా తిరుపతికి రావాలి, రక్త పరీక్షకు. మా గోడౌనులో బాలసుబ్రమణ్యం అన్నకు ఇలాగే దాహం వేసి వేసి మనిషి సగమయ్యాడు. చక్కెర జబ్బు అన్నారు. మందులు వేసుకుని ఇప్పుడు మళ్లీ మూటలు ఎత్తుతున్నాడు. నీది అదో, ఇంకొకటో డాక్టరు చెప్పాలి. నువ్వు చెప్పకూడదు. ఎండల నీరసం అన్నావంటే అక్కడే గొడవ పెట్టుకుంటాను.

నిన్న నేను కూడా గంగమ్మకు మొక్కుకున్నాను. నువ్వు తేరుకుంటే వచ్చే జాతరకు నీ బరువుకు బరువు బెల్లం. నలభై ఎనిమిది కిలోల మొక్కు నేను తీర్చను, ముందే చెబుతున్నాను. యాభై నాలుగు కావాలి, దాటితే ఇంకా మంచిది. ఒక్క కిలో తగ్గినా నా మొక్కు తగ్గించావని ఊరంతా చెబుతాను.

తలుపు తీసి పెట్టు.

మునీ